వర్చువల్ మెషీను – హోస్టు సంబంధము: లైసెన్సు లెక్కలో దాని స్థానము

పుస్తకమును కొనినవాడు దానికి యజమాని యగును. ఆ పుస్తకమును ఏ గదిలో ఉంచినను, ఎవరికి చదువ నిచ్చినను అడుగువారు లేరు. సాఫ్ట్‌వేరు విషయము అట్లు కాదు. మనము డబ్బు చెల్లించి పొందునది ముఖ్యముగా ఒక అనుమతి. దానినే లైసెన్సు అందురు. ఎందరు వాడవచ్చును, ఎన్ని యంత్రములపై నడుపవచ్చును, ఆ యంత్రములు ఎంత శక్తి గలవై యుండవచ్చును అను షరతులు అందులో వ్రాయబడి యుండును. 1957 నాటి మన కాపీరైటు చట్టము 1984 సవరణ ద్వారా కంప్యూటరు ప్రోగ్రామును కూడ సాహిత్య కృతుల కోవలో చేర్చినది. తెలుగు, ఉర్దూ సాహిత్యములు చదువు మన విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చును గాని, గజలుకును పద్యమునకును గల రక్షణయే కంప్యూటరు ఆదేశముల వరుసకును కలదు. 1994లో చేర్చబడిన 63-బి సెక్షను ప్రకారము, అక్రమ ప్రతి యని ఎరిగియు దానిని కంప్యూటరుపై వాడినవారికి 7 దినములకు తక్కువ కాకుండ 3 సంవత్సరముల వరకు ఖైదు, 50,000 రూపాయలకు తక్కువ కాకుండ 2 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. లైసెన్సు లెక్కలో పొరపాటు వచ్చిన ప్రతి సందర్భమును ఈ సెక్షను క్రిందికి రాదు. పెక్కు సందర్భములలో అది ఒప్పంద భంగముగా పరిగణింపబడి, వెనుకటి బకాయి చెల్లింపుతో ముగియును. ఆ బకాయి ఎంత యుండునో ముందు చూడబోవుచున్నాము.

ఈ సందర్భమున మన రాష్ట్రము పేరుతోనే ప్రసిద్ధమైన ఒక తీర్పును స్మరింపవలెను. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకును ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వమునకును జరిగిన వ్యాజ్యములో, తయారుగా అమ్మబడు సాఫ్ట్‌వేరు అమ్మకపు పన్ను చట్టము దృష్టిలో సరుకే యగునని 2004 నవంబరులో సుప్రీము కోర్టు నిర్ణయించినది. అనగా పన్ను వేయునపుడు అది సరుకు, వాడుకొనునపుడు అనుమతి. ఈ ద్వంద్వ స్వభావమును గ్రహింపని కొనుగోలు కమిటీలు "బిల్లు మా వద్ద ఉన్నది గదా" అని నిశ్చింతగా నుందురు. బిల్లు సరుకునకు సాక్ష్యమే. ఆ అనుమతిని ఎట్లు వాడుచున్నాము అనుటకు సాక్ష్యము వేరుగా నుండవలెను.

పూర్వము ఈ సాక్ష్యము సులభము. ఒక పెట్టె, అందులో ఒక ఆపరేటింగ్ సిస్టము, దానిపై ఒక డేటాబేసు. పెట్టెలను లెక్కించిన లైసెన్సులను లెక్కించినట్లే. ఈ సౌలభ్యమును పోగొట్టినది వర్చువల్ మెషీను. ఒక భౌతిక యంత్రములో పెక్కు యంత్రములు ఉన్నట్లు భ్రమ కల్పించు విద్య ఇది. ఐ.బి.ఎం. సంస్థ 1960 దశకములోనే తన పెద్ద కంప్యూటర్లపై దీనిని సాధించి, 1972లో వి.ఎం./370 అను పేర లోకమునకు అందించినది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు ఒక యంత్రముపై ఇది సాధ్యమగుటకు కావలసిన నియమములను సూత్రీకరించిరి. చిన్న కంప్యూటర్లకు ఇది అందుబాటులోనికి వచ్చుటకు మరి పాతికేండ్లు పట్టినది. వి.ఎం.వేర్ సంస్థ 1998లో స్థాపింపబడి, మరుసటి సంవత్సరము తన మొదటి సరుకును, 2001లో సర్వర్ల కొరకు ఇ.ఎస్.ఎక్స్.ను విడుదల చేసినది. క్రింద నుండు భౌతిక సర్వరును హోస్టు అనియు, దానిపై నివసించు వర్చువల్ మెషీనును గెస్టు, అనగా అతిథి యనియు వ్యవహరింతురు. ఇద్దరి నడుమ ప్రాసెసరును, జ్ఞాపకశక్తిని పంచిపెట్టు సాఫ్ట్‌వేరు హైపర్‌వైజరు. అతిథి అను మాట ఇక్కడ మిక్కిలి సార్థకము. ఏలయనగా 2003లో వి.మోషన్ అను సౌకర్యము వచ్చినప్పటి నుండి ఈ అతిథి ఒక ఇంట భోజనము చేయుచుండగనే, చేతిలోని ముద్ద జారకుండ, వేరొక ఇంటికి చేరగలుగుచున్నాడు. జ్ఞాపకములోని పుటలన్నియు వలలో నుండి రెండవ హోస్టుకు నకలు చేయబడి, చివర రెప్పపాటు విరామముతో మెషీను అక్కడ కొనసాగును. దానిపై పని చేయుచున్నవానికి ఏమియు తెలియదు. ఆశ్చర్యమేమనగా ఆ మెషీనుకు కూడ తెలియదు.

ఈ తెలియకపోవుటయే మా వ్యాసమునకు విషయము. లైసెన్సు షరతులు తరచు హోస్టులోని ప్రాసెసర్లను, వానిలోని కోర్లను బట్టి ఉండును. సాఫ్ట్‌వేరు మాత్రము మెషీనులో నుండును. ఏ దినమున, ఏ గంటకు, ఏ మెషీను ఏ హోస్టుపై నుండెనో చెప్పు దస్త్రము లేనిచో లైసెన్సు లెక్క తేలదు.

మన ప్రాంతమువారికి ఈ దస్త్రపు స్వభావము క్రొత్తది కాదు. గోదావరికి ఇవతల, పూర్వపు నిజాము ఇలాకాలో, గ్రామపు భూమి లెక్కను పహాణీ అనిరి; అవతల భద్రాచలము వైపు, పూర్వపు మద్రాసు ఇలాకాలో, అదే లెక్కను అడంగల్ అనిరి. పట్టా, పహాణీ, దస్త్రము, కౌలు, కిరాయి – ఈ మాటలు ఫారసీ, అరబీ, ఉర్దూల ద్వారా మనకు వచ్చినవే కనుక మన పత్రిక చదువు ఇరుభాషలవారికిని సుపరిచితములు. పహాణీలో సర్వే నంబరు ప్రక్కన పట్టాదారు పేరు ఒక గడిలోను, అనుభవదారు పేరు వేరొక గడిలోను ఉండెడివి. భూమి ఎవరిది అనునది ఒక ప్రశ్న. ఈ సంవత్సరము ఎవరు దున్నుచున్నారు అనునది వేరొక ప్రశ్న. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినపుడు అనుభవదారు గడిని తొలగించుటపై ఎంత వివాదము చెలరేగినదో ఎల్లరెరిగినదే. ధరణి స్థానమున 2025 ఏప్రిలులో భూభారతి వచ్చినది. రాజకీయములలోనికి మేము పోము. రెండు గడులకు వేర్వేరు ప్రయోజనములు గలవనుటకే ఈ ఉదాహరణ. హోస్టు సర్వే నంబరు వంటిది. దానికి విస్తీర్ణమువలె కోర్ల సంఖ్య ఉండును. మెషీను అనుభవదారు వంటిది.

పహాణీలో మరియొక గుణము కలదు. అది ఏటేటా వ్రాయబడెడిది. పాత ఏటి పహాణీ చింపివేయబడెడిది కాదు. 1954–55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని వెదకి తీయుచున్నారనగా కారణమిదియే. మా అడవి సరిహద్దులో తేదీకి గల విలువను మరింత కఠినముగా నేర్పినది 2006 నాటి అటవీ హక్కుల చట్టము. కోయలు, కొండరెడ్లు పోడు చేసికొను భూమిపై హక్కు కోరవలెనన్నచో 2005 డిసెంబరు 13కు పూర్వమే ఆ భూమి తమ సాగులో నుండెనని చూపవలెను. ఈనాడు ఎవరు దున్నుచున్నారు అను దానితో పని లేదు. ఆనాడు ఎవరు దున్నిరి అనునదే ప్రశ్న. అయితే ఆ చట్టపు నియమములు ఊరి పెద్దల వాంగ్మూలమును కూడ సాక్ష్యముగా అంగీకరించును. సాఫ్ట్‌వేరు ఆడిటరు ఎదుట పెద్దల వాంగ్మూలము చెల్లదు.

భద్రాచలము చరిత్ర కూడ ఇట్టిదే. అది 1860లో నిజాము నుండి బ్రిటిషువారి వశమై మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరినది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాలో కలిసినది. 2014లో పోలవరము నిమిత్తము చుట్టుపట్ల మండలములు ఆంధ్ర ప్రదేశ్‌కు పోగా పట్టణము తెలంగాణలో నిలిచినది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా భాగమైనది. ఊరు అంగుళము కదలలేదు, ఆతిథేయులు మాత్రము మారుచు వచ్చిరి. భద్రాచలము ఏ జిల్లాలోనిది అని పరీక్షలో అడిగినచో, ఏ సంవత్సరమున అని ఎదురు ప్రశ్న వేయు విద్యార్థి డేటాబేసు శాస్త్రమునకు తగినవాడు.

ఇక లెక్కలోనికి వత్తము. ఒక సంస్థలో రెండు హోస్టులు గలవనుకొందము. ఒక్కొక్క దానిలో రెండు ప్రాసెసర్లు, ఒక్కొక్క ప్రాసెసరులో 16 కోర్లు. అనగా హోస్టుకు 32 కోర్లు. రెండింటిని కలిపి ఒక క్లస్టరుగా చేసిరి. అందులో 4 వర్చువల్ కోర్లు గల ఒక మెషీనుపై ఒరాకిల్ డేటాబేసు ఎంటర్‌ప్రైజ్ కూర్పును నడుపుచున్నారు. ఆ సంస్థ పట్టిక ప్రకారము ఇంటెల్ జాతి ప్రాసెసరులో రెండు కోర్లకు ఒక ప్రాసెసరు లైసెన్సు కావలెను. ప్రకటిత ధర లైసెన్సుకు 47,500 డాలర్లు. మెషీనును మాత్రమే లెక్కించిన 2 లైసెన్సులు, 95,000 డాలర్లు. అది నివసించు హోస్టును లెక్కించిన 16 లైసెన్సులు, 7,60,000 డాలర్లు. అది పోదగిన రెండు హోస్టులను లెక్కించిన 32 లైసెన్సులు, 15,20,000 డాలర్లు. మెషీను ఒక్కటే, పని ఒక్కటే. లెక్కించు తీరును బట్టి పదునారింతలు భేదము.

ఒరాకిల్ సంస్థ వి.ఎం.వేర్ వంటి విభజనను మెత్తని విభజన యని పేర్కొని, దాని ద్వారా లైసెన్సుల సంఖ్యను తగ్గించుకొనుటను అంగీకరింపదు. మెషీను ఎక్కడికైనను పోగలదు కనుక, అది పోగల చోట్లన్నింటికిని లైసెన్సు ఉండవలెనని వాదించును. 2015లో వి.ఎం.వేర్ వారి వి.స్ఫియర్ 6.0 కూర్పు ఒక నియంత్రణ కేంద్రము నుండి వేరొక కేంద్రమునకు, దూర ప్రాంతములకు కూడ మెషీనును తరలించు సౌకర్యము నిచ్చుటతో ఈ వాదము మరింత విస్తరించినది. ఇందలి తమాషా యేమనగా, ఈ విభజన విధానమును తెలుపు పత్రము తాను బోధన నిమిత్తమే యనియు, ఒప్పందములో భాగము కాదనియు తానే చెప్పుకొనును. ఒప్పందములో లేని మాటతో ఇంత బకాయి అడుగవచ్చునా అను వివాదము నేటికిని తెగలేదు. 2015 అక్టోబరులో చాకొలెట్లకు ప్రసిద్ధమైన మార్స్ సంస్థ కాలిఫోర్నియా కోర్టులో ఒరాకిల్‌పై వేసిన దావాకు మూలమిదియే. ఆడిటు కొరకు తాము రెండు లక్షల ముప్పది మూడు వేలకు పైగా పుటల దస్తావేజులు ఇచ్చినను చాలలేదని మార్స్ వారు మొరపెట్టుకొనిరి. ఆ సంవత్సరాంతముననే దావా ఉపసంహరింపబడుటతో కోర్టు తీర్పు ఏదియు రాలేదు. మా అభిప్రాయమున "పోగలదు" అనుటకును "పోయినది" అనుటకును గల వ్యత్యాసమును నిరూపించు భారము వాడుకదారునిపై పడుట న్యాయమని తోచదు. కాని భారము పడుచున్న మాట నిజము. పడినపుడు మోయుటకు దస్త్రము కావలెను.

మైక్రోసాఫ్ట్ వారి పద్ధతి వేరు. విండోస్ సర్వరు 2016 కూర్పు నుండి లైసెన్సు కోర్ల లెక్కన ఇయ్యబడుచున్నది. ప్రాసెసరుకు కనీసము 8, సర్వరుకు కనీసము 16 కోర్లు కొనవలెను. హోస్టులోని కోర్లన్నింటికి స్టాండర్డు లైసెన్సు తీసికొనినచో ఆ హోస్టుపై రెండు విండోస్ మెషీన్లు నడుపవచ్చును. మరి రెండు కావలెనన్న ఆ కోర్లన్నింటికి మరల కొనవలెను. డేటాసెంటరు కూర్పు తీసికొన్న సంఖ్యకు మితము లేదు, ధర మాత్రము అధికము. మీదటి రెండు హోస్టులపై చెరి రెండు మెషీన్లు నడచుచున్నవనుకొందము. 32 చొప్పున 64 కోర్ల లైసెన్సులు సరిపోవును. ఇంతవరకు బాగున్నది.

ఇప్పుడు శ్రావణ మాసము. గోదావరి పొంగినది, ఈదురు గాలికి అడవిలో చెట్టు విరిగి విద్యుత్తు తీగపై పడినది. ఒక గదిలో కరెంటు పోయి, బ్యాటరీ చాలక మొదటి హోస్టు ఆగినది. క్లస్టరు తన ధర్మము తాను నెరవేర్చి రెండు మెషీన్లను రెండవ హోస్టుపై లేపినది. పనికి అంతరాయము లేదని అందరు సంతోషించిరి. లైసెన్సు దృష్టితో చూచినచో ఆ క్షణము నుండి రెండవ హోస్టుపై నాలుగు మెషీన్లు గలవు, లైసెన్సు రెండింటికే కలదు. మొదటి హోస్టు లైసెన్సును దీనికి మార్చుకొనరాదా? మార్చవచ్చును గాని 90 దినములకు ఒకసారి మాత్రమే. యంత్రము శాశ్వతముగా చెడిపోయినచో ఈ గడువునకు మినహాయింపు కలదు. కరెంటు కోత శాశ్వత వైఫల్యము క్రిందికి రాదు. కావున ఏ హోస్టుపై గాని నాలుగును నడువ వలసి వచ్చునని ముందే ఎంచి, రెండింటికి రెండు మారులు, మొత్తము 128 కోర్ల లైసెన్సులు కొనియుండవలెను. సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ అను అదనపు ఒప్పందము గలవారికి కొన్ని సడలింపులు లభించును. 2022 నుండి హోస్టును విడిచి మెషీను కోర్లనే లెక్కించు వీలు కూడ అట్టివారికి కల్పింపబడినది. మన వంటి అడవి సరిహద్దు ప్రాంతములలో, తరచు కరెంటు పోవు చోట, ఈ ఒక్క విషయమును కొనుగోలునకు ముందు కమిటీ పెద్దలు విచారింపవలెనని మనవి.

ఐ.బి.ఎం. పద్ధతి మాకు బోధనకు అనువుగా తోచినది. ఆ సంస్థ 2005 నుండి హోస్టు మొత్తమునకు గాక, మెషీనుకు కేటాయించిన భాగమునకే రుసుము చెల్లించు అవకాశము నిచ్చినది. కాని ఆ అవకాశమునకు షరతు కలదు: వారు ఉచితముగా ఇచ్చు లైసెన్సు మెట్రిక్ టూల్ అను సాధనమును నెలకొల్పి, మూడు నెలలకొకసారి నివేదిక తీసి, రెండు సంవత్సరములు భద్రపరచవలెను. సాధనము లేదా, భాగము లేదు. హోస్టు మొత్తమునకు చెల్లింపుము. సాధనము ఉన్నను, అది హైపర్‌వైజరు నిర్వాహకునితో మాటలాడలేక ఒక మెషీను ఏ హోస్టుపై నున్నదో తెలిసికొనలేకపోయినచో, ఆ మెషీను కోర్లను మిక్కిలి ఎక్కువ రేటున, అనగా కోరుకు 120 యూనిట్ల చొప్పున లెక్కించును. మెషీను–హోస్టు సంబంధపు దస్త్రమునకు ఇంత స్పష్టముగా వెల కట్టిన ఒప్పందమును మేము వేరొకటి చూడలేదు.

ఈ సంబంధమును కనిపెట్టుట ఎట్లు? మెషీను లోపల కూర్చుండి చూచిన హోస్టు కనబడదు. అట్లు కనబడకుండుటయే ఈ విద్య లక్ష్యము. కొన్నింట కిటికీ వంటివి కలవు. మైక్రోసాఫ్ట్ హైపర్–వి తన అతిథి రిజిస్ట్రీలో ఆతిథేయుని పేరు వ్రాసి యుంచును. కాని అన్ని హైపర్‌వైజర్లు ఇట్లు చెప్పవు. కావున పైనుండి చూడవలెను. హైపర్‌వైజరు నిర్వాహక కేంద్రమును అడిగి, ఒక్కొక్క హోస్టుపై ఏ మెషీన్లు ఉన్నవో జాబితా తీసికొనవలెను. రెడ్ హ్యాట్ లినక్సు వారి కొరకు వర్ట్–హూ అను చిన్న కార్యక్రమము ఈ పనియే చేయును. సాధారణముగా గంటకొకసారి హైపర్‌వైజరును పలుకరించి, హోస్టు–అతిథి జతలను లైసెన్సుల కేంద్రమునకు నివేదించును. లోపలి నుండి చూచినవారికి ఏ సాఫ్ట్‌వేరు ఉన్నదో తెలియును, పైనుండి చూచినవారికి ఎక్కడ ఉన్నదో తెలియును. ఈ రెండు జాబితాలను అతుకుటలోనే కష్టమంతయు కలదు.

అతుకుటకు గుర్తు కావలెను. పేరు పనికిరాదు, ఒకే పేరు గల మెషీన్లు ఉండవచ్చును, పేరు మార్చనూ వచ్చును. మన ఊళ్ళలో ఒకే పేరు గలవారు పదిమంది ఉన్నపుడు ఇంటి పేరు, తండ్రి పేరు అడుగుదుము గదా. మెషీనుకు పుట్టుకతో ఇయ్యబడు 128 బిట్ల యు.యు.ఐ.డి. అను సంఖ్య అట్టిది. అయితే మెషీను అనగా కొన్ని ఫైళ్ళే గనుక దానిని నకలు తీయవచ్చును. నకలుకు కూడ అదే సంఖ్య వచ్చినచో రెండు మెషీన్లు దస్త్రములో ఒకటియై కనబడును. అందువలననే ఫైళ్ళు చోటు మారిన మెషీనును లేపునపుడు వి.ఎం.వేర్ "దీనిని తరలించితివా, నకలు చేసితివా" అని ప్రశ్నించును. నకలని చెప్పిన క్రొత్త సంఖ్య నిచ్చును. తొందరలో ఏదో ఒకటి నొక్కువారు ఎందరో! ఆ నొక్కుడు ఫలితము ఏడాది తరువాత ఆడిటులో బయటపడును.

తరువాతిది దస్త్రపు నిర్మాణము. ఇక్కడ పెక్కుమంది చేయు తప్పు ఒకటి కలదు. మెషీన్ల పట్టికలో "హోస్టు" అను ఒక గడి నుంచి, మెషీను కదలినపుడెల్ల పాత పేరు చెరిపి క్రొత్త పేరు వ్రాయుదురు. ఆ పట్టిక ఈ క్షణమునకు సత్యమే, నిన్నటికి మూగది. ఒక క్షణమున చూచిన ఒక మెషీనుకు ఒకే హోస్టు. కాలక్రమములో చూచిన ఒక మెషీనుకు పెక్కు హోస్టులు, ఒక హోస్టుకు పెక్కు మెషీన్లు. కావున నివాసములకే వేరొక పట్టిక కావలెను: మెషీను సంఖ్య, హోస్టు సీరియలు సంఖ్య, ఎప్పటి నుండి, ఎప్పటి వరకు. కదలినపుడు పాత వరుసను చెరుపక, దాని "వరకు" గడిని నింపి, క్రొత్త వరుస మొదలు పెట్టవలెను. హోస్టు పట్టికలో ప్రాసెసర్లు, కోర్లు, ఏ క్లస్టరులోనిది అనునవి ఉండవలెను. వానికిని తేదీలు ఉండవలెను, ఏలయనగా ప్రాసెసరును మార్చుదురు, హోస్టును క్లస్టరు నుండి విడదీయుదురు.

గంటకొకసారి పలుకరించు సాధనము నడుమ జరిగిన నలుబది నిముషముల మకామును చూడలేదు. దానికి విరుగుడు నిర్వాహక కేంద్రము వ్రాసికొను సంఘటనల చిట్టా. ప్రతి కదలికయు అందులో నమోదగును. అయితే వి.ఎం.వేర్ కేంద్రములో ఆ చిట్టా సాధారణముగా ముప్పది దినములకు మించి నిలువ యుండదు. ఆడిటరు రెండేండ్ల వెనుకటి లెక్క అడుగును. కనుక నెల తిరుగక మునుపే దానిని వేరొక చోటికి ఎత్తి వ్రాసికొనవలెను. కదలికలనే అరికట్టు ఉపాయమును కలదు. ఫలానా మెషీను ఫలానా హోస్టులపై తప్ప నడువరాదు అని క్లస్టరుకు నియమము పెట్టవచ్చును. నియమము ఉన్నదనుట చాలదు, అది ఏ తేదీ నుండి ఉన్నదో కూడ వ్రాసికొనవలెను.

క్లౌడు వచ్చిన తరువాత ఈ చిక్కు తీరినదని కొందరు తలచుచున్నారు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతములో తన క్లౌడు కేంద్రమును ప్రారంభించినది. అక్కడ మెషీనును కిరాయికి తీసికొన్నవానికి హోస్టు కనబడనే కనబడదు. లైసెన్సును కిరాయిలోనే కలిపి తీసికొన్నచో చింత లేదు. తాను పూర్వము కొనిన లైసెన్సును అక్కడికి తీసికొనిపోదలచినచో మరల అదే ప్రశ్న ఎదురగును. అందుకే ఒక హోస్టును పూర్తిగా ఒకరికే కేటాయించు పద్ధతిని ఆ సంస్థ 2015లో తెచ్చి, దానిపై ఏ మెషీను ఎప్పుడు నడచెనో నమోదు చేయు ఏర్పాటును కూడ కల్పించినది.

హైపర్‌వైజరు కూడ సాఫ్ట్‌వేరే యనునది మరువరాదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వి.ఎం.వేర్‌ను కొని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకమును ఆపివేసినది. అటుపై ఏటేటి చందా, అదియు కోర్ల లెక్కన, ప్రాసెసరుకు కనీసము 16 చొప్పున లెక్కించునట్లు నిర్ణయించినది. 8 కోర్ల పాత ప్రాసెసరు గలవాడు లేని 8 కోర్లకు కూడ చెల్లించవలసి వచ్చినది. చిన్న సంస్థలకు ఇది గట్టి దెబ్బ. మన వంటి కళాశాలలు 2007 నుండి లినక్సు కెర్నెలులోనే భాగమైయున్న కె.వి.ఎం.ను, పోస్ట్‌గ్రెస్ వంటి స్వేచ్ఛా డేటాబేసులను వాడుకొనవచ్చును. వానికి కోర్ల లెక్క లేదు. తెలుగునాట స్వేచ్ఛ సంస్థవారు ఏండ్ల తరబడి ప్రచారము చేయుచున్నది ఈ మార్గమునే. విద్యార్థి మిత్రులు మాత్రము లెక్కను నేర్వక తప్పదు. హైదరాబాదు కార్యాలయములలో వారికి దొరకు ఉద్యోగములలో సాఫ్ట్‌వేరు ఆస్తుల లెక్క చూచుట ఒకటి. అక్కడ ఎవరును పోస్ట్‌గ్రెస్ గురించి మాత్రమే అడుగరు.

అభ్యాసము కొరకు ఒక లెక్క ఇచ్చుచున్నాము. ఒక క్లస్టరులో మూడు హోస్టులు గలవు. మొదటి దానిలో 16 కోర్లు, రెండవ దానిలో 32, మూడవ దానిలో 8. డేటాబేసు మెషీనుకు 4 వర్చువల్ కోర్లు. జూలై 1 నుండి అది మొదటి హోస్టుపై నున్నది. ఆగస్టు 9 మధ్యాహ్నము 2-10కి మరమ్మతు నిమిత్తము రెండవ హోస్టుకు పోయి, సాయంత్రము 5-40కి తిరిగి వచ్చినది. మూడవ దానిపైకి ఎన్నడును పోలేదు. సెప్టెంబరు 30న ముగియు మూడు మాసములకు ఎన్ని కోర్లకు లైసెన్సు కావలెను?

మెషీనునే లెక్కించు ఒప్పందమైన 4. చివరి దినమున మాత్రము చూచి వ్రాసిన 16. నడచిన హోస్టులన్నింటిని లెక్కించు ఒప్పందమైన 48. నడువగల హోస్టులన్నింటిని లెక్కించిన 56. రోజూ రాత్రి ఒకసారి మాత్రము జాబితా తీయు సాధనము గలవారు ఆగస్టు 9 నాటి మూడున్నర గంటలను ఎరుగక, మూడవ ఒప్పందము క్రింద కూడ 16 అనియే వ్రాయుదురు. నివాసముల పట్టికలో ఈ మెషీనుకు మూడు వరుసలు ఉండవలెను. విద్యార్థులు ఆ మూడింటిని తేదీ, గంటలతో సహా వ్రాసి, వానినుండి 48ని రాబట్టు ప్రశ్నను ఎస్.క్యు.ఎల్.లో కట్టి చూడవలసినది.